కాకర పందిరికి వచ్చిన దాయాది

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోనులో పురుగుల ఫొటోలు పంపుతూ ఉంటారు. "మేడమ్, ఇదేం పురుగు, ఏం మందు చెప్పమంటారు" అని కింద రాసి ఉంటుంది. రెండు ప్రశ్నలూ ఒక్క గుక్కలో అడిగేస్తారు. నేను వెంటనే జవాబివ్వను. అది ఆకు మీద ఏం చేస్తోంది, ఏం తింటోంది, కాసేపు అక్కడే కూర్చుని చూసి చెప్పమంటాను. వాళ్ళకు విసుగొస్తుంది. రిటైరైన మనిషి కదా, తీరిక ఎక్కువ, అందుకే ఇలా సతాయిస్తుంది అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. నాకీ పట్టింపు ఎక్కడ మొదలైందో చెబుతాను, విన్న తరవాత తిట్టుకున్నా ఫరవాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను సత్యవేడు వైపు ఒక మండలానికి వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. పుట్టి పెరిగింది చిత్తూరు టౌనులో, మామిడి మండీల పక్కన. ఆ కొత్త చోటికి పోవాలంటే పుత్తూరులో బస్సు దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. అరవ దేశం పక్కనే కాబట్టి అక్కడి మాటల్లో సగం అరవం కలిసి ఉండేది. కూరగాయలన్నీ లారీలెక్కి మద్రాసు పోయేవి. రాతి కూసాలు నాటి, వాటి మీద ఇనుప తీగలు లాగి, కాకర, బీర, పొట్ల పాదులు పాకించేవాళ్ళు. బయట ఎండ మాడ్చేస్తున్నా ఆ పందిళ్ళ కింద చల్లగా, కాస్త చీకటిగా ఉండేది. నడుము వంచి నడుస్తుంటే కాకరకాయలు నెత్తికి తగిలేవి. నా ఉద్యోగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటేదంటే కాకర పందిరి కిందే అంటాను.

మా పై అధికారి, అంటే మండల వ్యవసాయాధికారి, గోదావరి జిల్లా మనిషి. ప్రతి మాటకూ చివర "ఆయ్" అనేవారు. ఊళ్ళో వాళ్ళు ఆయనకు "ఆయ్ సారు" అని పేరు పెట్టేశారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, కోపం లేదు. మొదటి రోజు రాగిసంగటిని చెంచాతో తినబోతే హోటలు ముసలాయన చెంచా లాక్కుని, ముద్ద చేసి గొడ్డుకారంలో ముంచి మింగడం నేర్పించాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా "బాగుందండి, ఆయ్" అంటూ తినేశారు. అంత మర్యాదస్థుడు.

కానీ ఆయన అసలు ప్రేమంతా పురుగుల మీదే. మెడలో తాడుకు ఒక చిన్న భూతద్దం వేలాడేది. జీపు ఆగితే చాలు, దిగి పక్క మడిలో ఆకులు తిప్పి చూస్తూ కూర్చునేవారు. డ్రైవరు ఆ లోపల ఒక నిద్ర తీసేవాడు. పురుగంటే చంపాల్సిందే అనుకునే శాఖలో ఆయన ఒక వింత మనిషి. మందుల షాపుల వాళ్ళకు ఆయనంటే గిట్టేది కాదు. ఆ రోజుల్లో రైతు జబ్బు ఆకు ఒకటి జేబులో పెట్టుకుని షాపుకు పోతే, షాపాయన దాన్ని తిప్పి కూడా చూడకుండా రెండు డబ్బాలు చేతిలో పెట్టి, రెండూ కలిపి కొట్టమనేవాడు. ఏదో ఒకటి తగలకపోతుందా అని.

దానికి విరుగుడుగా మేము పొలంబడి పెట్టాం. ఊళ్ళో ఒకరి మడిని బడిగా తీసుకుంటాం. వారానికోసారి అందరూ అక్కడ చేరి, ఆకు తిప్పి ఏ పురుగు ఉందో చూసి, మందు అవసరమా కాదా అని మాట్లాడుకుని తేల్చుకోవాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తన మడిని బడికి ఇవ్వడానికి ఆ ఊళ్ళో ఒక్క మగాడూ ముందుకు రాలేదు. మందు కొట్టవద్దని చెప్పే వాళ్ళకు మడి ఎవరిస్తారు.

ఇచ్చింది ఒక ఆడమనిషి. నాకంటే కొంచెం పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. కొత్త పందిరి వేసేటప్పుడు రాతి కూసం జారి మొగుడి కాలి మీద పడి ఎముక విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. మడికి ఆనుకునే ఇల్లు, ఇంటి పంచలో నులకమంచం, ఆ మంచం మీద ఆయన. అక్కడినుంచే పందిరి వైపు చూస్తూ అందరికీ సలహాలు చెబుతూ ఉండేవాడు. ఆయన మాట వినేవాళ్ళు తక్కువ.

పక్క మడి ఆయన అన్నగారిది, అంటే అక్కకు బావది. రెండు మడులకూ మధ్య ఒక గెనిమ గట్టు మాత్రమే అడ్డం. బావి ఒకటే, నీళ్ళు వంతుల మీద పారించుకునేవాళ్ళు. తమ్ముడు ఇంక బరువు పని చెయ్యలేడు, ఆడదానికి ఒంటి చేత్తో పందిరి సాగుబాటు కాదు, కాబట్టి రెండు మడులూ తానే చేస్తానని బావ పెద్దమనుషుల ముందు చెప్పాడు. అక్క ఒప్పుకోలేదు. చివరికి ఈ ఒక్క కాకర పంట ఆమెను చెయ్యనివ్వాలనీ, పందిరి నిలబెట్టలేకపోతే మడి బావ చేతికి పోవాలనీ మాట అనుకున్నారు.

బావ చెడ్డవాడేమీ కాదు. తమ్ముణ్ణి మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని పుత్తూరుకు తీసుకుపోయింది ఆయనే. కట్టు మార్చాల్సినప్పుడల్లా మళ్ళీ ఆయనే. అక్క కూడా ఆ మాట ఒప్పుకునేది.

"అన్నం పెట్టడని అన్ను మేడమ్. కడుపునిండా పెడతాడు. కానీ మా మడిలో మేం కూలోళ్ళ మాదిరి నిలబడుకోవల్ల. ఉప్పు కావల్లన్నా ఆయప్పనే అడగల్ల. అది నాచేత కాదు" అంది నాతో ఒకసారి. ఆ మాట విన్నాక నాకు ఆ పందిరి మీద మామూలు కన్నా ఎక్కువ మమకారం పుట్టుకొచ్చింది. పొలంబడికి వచ్చే ఊళ్ళో ఆడవాళ్ళకూ అంతే.

పాదు పందిరెక్కి పూత మొదలయ్యేసరికి ఆకుల అడుగున పేనుబంక పట్టింది. చిన్న చిన్న పచ్చటి పురుగులు గుంపులు గుంపులుగా చేరి రసం పీలుస్తాయి, ఆకు ముడుచుకుపోతుంది. బావ గట్టు మీద నిలబడి, "అమ్మీ, ఇప్పుడే కొట్టెయ్. ఇంగ నాలుగు దినాలు పోతే నీ చేతిలో ఉండదు" అన్నాడు. ఆయ్ సారు మాత్రం ఒక వారం ఆగి చూద్దామన్నారు. అక్క ఆయన మాట వింది. ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు.

మరుసటి వారం పొలంబడికి పోయేసరికి బంక పట్టిన ఆకుల మీద నల్లగా, పొడుగ్గా, మొసలిపిల్లలాంటి పురుగులు చురుగ్గా తిరుగుతున్నాయి. ఒకామె చెప్పు తీసింది. ఆయ్ సారు అడ్డం పడి, చెప్పు పక్కన పెట్టించి, ఆమె చేతికి భూతద్దం ఇచ్చారు. ఆమె అద్దంలో చూసి కెవ్వుమంది.

"నములుతా ఉండాదే. బంకను కరకరా నములుతా ఉండాది సూడండి."

అందరూ వరసగా చూశారు. అవి అక్షింతల పురుగు పిల్లలని ఆయ్ సారు చెప్పారు. పెద్దదయితే ఎర్రగా, గుండ్రంగా, శనగబద్దంత ఉంటుందనీ, పిల్లా తల్లీ రెండూ పేనుబంకనే తింటాయనీ వివరించారు. సంతోషంలో ఆయనకు మాట ఆగలేదు. "ఎర్రగా గుండ్రంగా ఉండి, వీపు మీద నల్లచుక్కలు కనబడ్డాయా, ఇంక ముట్టుకోకండమ్మా. చేతులు జోడించి వదిలెయ్యండి. మీ పందిరికి కాపలా అదేనండి, ఆయ్" అన్నారు. ఆ తరవాత జరిగిందంతా ఆ నాలుగు ముక్కల వల్లే.

బంక నిజంగానే తగ్గిపోయింది. ముడుచుకున్న ఆకులు విప్పుకున్నాయి. ఆడవాళ్ళు ఆ పురుగులను "మనోళ్ళు" అనడం మొదలుపెట్టారు. అక్క అయితే పందిరి కింద నడిచేటప్పుడు అవి కాలికింద పడతాయేమోనని చూసుకుంటూ నడిచేది. అది చూసి బావ నవ్వేవాడు, కానీ మందు మాట ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే ఆయ్ సారును హైదరాబాదులో ఏదో శిక్షణకు పిలిచారు. నన్ను ఇంకో మండలంలో వేరుశనగ విత్తనకాయల పంపిణీకి వేశారు. విత్తనకాయల పంపిణీ అంటే ఏమిటో ఆ ప్రాంతంలో పనిచేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. క్యూలో తోపులాటలు, తిట్లు, చెప్పుల కుప్పలు. పందిరి సంగతి గుర్తుకొచ్చేది గాని పోవడానికి వీలయ్యేది కాదు. మేమిద్దరం లేకుండా పొలంబడి రెండు మూడు వారాలు తనంతట తానే నడిచింది. వాళ్ళు మానుకోలేదు. మానుకుని ఉంటే బాగుండేది.

తిరిగి వచ్చాక ఇద్దరం కలిసి జీపులో ఆ ఊరికి పోయాం. రోడ్డు మీదినుంచే నాకు తేడా తెలిసింది. ఎప్పుడూ చీకటిగా ఉండే పందిరి కింద నేలంతా ఎండ పడుతోంది. దగ్గరికి పోయి చూస్తే ఆకుల్లో పచ్చదనమంతా గీకేసి ఉంది, ఈనెలూ జల్లెడలాంటి పొరా మిగిలాయి. ఆ ఆకుల మీద ఎర్రగా, గుండ్రంగా, వీపు నిండా నల్లచుక్కలతో ఎక్కడ చూసినా పురుగులే.

అక్క మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చింది. జరిగింది ఆమె చెబితేనే తెలిసింది. మేము పోయాక పందిరి అంచుల్లో మళ్ళీ కొంచెం బంక కనబడింది. మనోళ్ళు తక్కువయ్యారని ఆడవాళ్ళంతా అనుకున్నారు. వంక అవతల ఊళ్ళో ఒకామె వంకాయ మడిలో అవే పురుగులు బోలెడు ఉన్నాయని ఎవరో చెప్పారు. అందరూ కలిసి మూతగిన్నెలు పట్టుకుని పోయారు. వంకాయల ఆమె ఎంతో సంతోషంగా కావలసినన్ని ఏరుకోమని చెప్పి, మజ్జిగ కూడా ఇచ్చి పంపిందట. ఒక పెద్ద ముత్తయిదువ గిన్నెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. కొత్త కోడలిని తెచ్చుకున్నట్టు తెచ్చి, చల్లపొద్దులో ఒక్కో కూసం దగ్గర ఇన్నిన్ని వదిలారు.

"వదిలిన కాడ్నించి ఆకు పోతా ఉండాది మేడమ్" అంది అక్క. "యెవుడో కనబడకుండా తింటా ఉండాడు, మనోళ్ళు వాడికి సాలడం లేదని, ఇంగో గిన్నె తెచ్చినాం. మల్లా ఇంగో గిన్నె తెచ్చినాం."

ఇప్పుడు చెబుతుంటే నవ్వు వస్తుంది. ఆ రోజు నవ్వే స్థితిలో ఎవరూ లేరు. గట్టు మీద బావ మందు కలిపిన పంపు వీపున తగిలించుకుని నిలబడి ఉన్నాడు. పందిరి పోతోందని ఊరంతా తెలిసిపోయింది. మంచం మీది మొగుడు కూడా, "అన్నను కొట్టనియ్యే, ఇంగ యేమి మిగిలిందని" అని పంచలోంచి అరుస్తున్నాడు. పొలంబడి ఆడవాళ్ళు తలలు వంచుకుని ఒక పక్కన నిలబడ్డారు.

"సారూ, మీరు దేవుళ్ళంటిరే, ఆ పురుగులు మా తమ్ముని పందిరంతా మేసినాయి" అన్నాడు బావ. గొంతులో వెక్కిరింత లేదు, బాధే ఉంది. "ఇంగ సాలు. పక్కకు జరగండి, కొడతాను."

ఆయ్ సారు పందిరి కింద కూర్చుని ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని అద్దంలో చూశారు. ఆకు తిప్పి అడుగున ఉన్న పిల్లలను చూశారు. నల్లగా చురుగ్గా తిరిగేవి కావవి. పసుపు రంగువి, ఒళ్ళంతా ముళ్ళతో, కదలకుండా ఆకును అంటిపెట్టుకుని గీకుతున్నాయి. మరో ఆకు తిప్పారు, ఇంకో ఆకు తిప్పారు. ఆయన నోటివెంట ఆయ్ రాని మొదటి పది నిముషాలు అవే అయి ఉంటాయి.

మా శాఖలో ఇలాంటప్పుడు చెప్పడానికి మాటలు తయారుగా ఉంటాయి. వాతావరణం మారిందనవచ్చు. పక్క మడి నుంచి వలస వచ్చిందనవచ్చు. మేము చెప్పినట్టు మీరు చెయ్యలేదనవచ్చు, అది అన్నిటికన్నా సులువు. ఆయన లేచి నిలబడి అక్కతో అన్నారు.

"ఇది నేను చెప్పిన పురుగు కాదమ్మా. దాని దాయాది. ఒకే వంశం, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. అది పురుగులను తింటుంది, ఇది ఆకు తింటుంది. నేను రంగూ చుక్కలూ చెప్పి ఊరుకున్నాను. దీని మాట చెప్పలేదు. మీరు నా మాట తు.చ. తప్పకుండా చేశారు. తప్పు నాదేనండి."

నాకు ఆ క్షణంలో ఆయన మీద పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కింది ఉద్యోగి ముందు, ఊరి ముందు, మందు పంపు పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు అలా చెప్పిన అధికారిని నేను ఆ తరవాత మరొకరిని చూడలేదు.

అక్క తిట్టలేదు, ఏడవలేదు. ఆయన చేతిలోని పురుగును తన చేతిలోకి తీసుకుని చూసింది.

"ఆ పొద్దు మంచిదంటిరి సార్. ఈ పొద్దు చెడ్డదంటిరి. మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు, నాకు తెలుసు. కానీ యెవురో చెప్పినారని ఇడిసిపెట్టినాను, ఇప్పుడు యెవురో చెప్పినారని చంపితే నాకు తెలిసిందేముండాది? నేను సూడల్ల."

"సూసేదానికి ఆకు యాడుందమ్మీ?" అన్నాడు బావ.

"కొసలు పచ్చగానే ఉండాయి బావా. నువ్వు మందు కొడితే మంచోడూ సస్తాడు, చెడ్డోడూ సస్తాడు. యాది యాదో తెలీకుండానే పోతాది. రేపు పొద్దన్నే దాకా ఆగు. మందు యాడికీ పోదు గదా."

బావ ఆమె ముఖంలోకి చూశాడు. పంపు దించలేదు, అలాగే గట్టు దాటి తన మడిలోకి పోయి అక్కడ కొట్టుకున్నాడు. కలిపిన మందు పారబొయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ మాట తరవాత ఆయనే చెప్పాడు.

అక్క ఇంట్లోంచి రెండు పాత ఊరగాయ సీసాలు కడిగి తెచ్చింది. బంక పట్టిన ఆకులు వెతికి రెండింటిలోనూ వేసింది. పందిరంతా గాలిస్తే అసలు అక్షింతల పురుగులు కూడా కొన్ని దొరికాయి. పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు తేడా తెలిసింది. ఒకటి నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. రెండోది మాసినట్టు ఉంది, దాని వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, అందుకే మెరవదు. మెరిసేవి ఒక సీసాలో, మాసినవి ఒక సీసాలో వేసి, పాత చీర గుడ్డతో మూతులు కట్టింది. ఎవరు చూస్తూ ఉండాలన్న మాట వచ్చింది. ఆ ఇంట్లో పనిలేనివాడు ఒక్కడే ఉన్నాడు. రెండు సీసాలూ మొగుడి మంచం పక్క ముక్కాలి పీట మీద పెట్టింది.

మరునాడు తెల్లవారగానే మేము పోయేసరికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఊరందరికీ చెబుతున్నాడు. కాలు విరిగిన తరవాత ఆయన అంత హుషారుగా ఉండగా నేను చూడలేదు.

"రండి సార్, రండి. ఈ మెరిసేటోళ్ళు బంకనంతా నాకేసినారు. ఆకుకు గాటు కూడా పడలే. ఈ మాసినోళ్ళు ఉండారే, పక్కనే బంక ఉంటే దాని దిక్కు కూడా సూడలే. ఆకు మాత్రం ఇట్ల గీకినారు, వరసగా, మనం కొబ్బిరి తురిమినట్ల. నేను కన్నార్పలే."

నిన్న మందు కొట్టమని అరిచిన మనిషి ఈయనే. ఆడవాళ్ళు సీసాలు చేతులు మార్చుకుంటూ చూశారు. బావ కూడా వచ్చాడు. రెండు సీసాలూ ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, తిరిగి పీట మీద పెట్టాడు.

ఆ రోజంతా ఏరాం. బకెట్లలో నీళ్ళు, నీళ్ళ మీద కాస్త కిరసనాయిలు. ప్రతి ఆకూ తిప్పడం, మాసినదాన్ని బకెట్లో వెయ్యడం, మెరిసేదాన్ని వదిలెయ్యడం. గుడ్ల దగ్గర చిక్కు వచ్చింది. రెండింటివీ పసుపు రంగు గుడ్లే, ఆకు అడుగునే గుంపుగా పెడతాయి, కంటికి తేడా తెలియదు. బంక పక్కన ఉన్న గుడ్లు వదలండి, ఒట్టి ఆకు మీద ఉన్నవి నలపండి అన్నారు ఆయ్ సారు. "నిజమే, తల్లి బిడ్డకు తిండి దొరికే తావులోనే గదా పెడతాది" అంది అక్క. ఈసారి ఆయన మాటను ఆమె ఒప్పుకుంది గాని, ముందు తన బుర్రలో వేసుకుని చూసుకున్నాకే.

ఈ దాయాది పురుగును పట్టుకుంటే కీళ్ళలోంచి పసుపు నీళ్ళు వదులుతుంది, చెడ్డ వాసన. మధ్యాహ్నానికి ఆయ్ సారు తెల్ల చొక్కా పసుపు మరకలతో నిండిపోయింది. నాకు మెడ పట్టేసింది. పైన తీగల మీది ఆకులు ఆడవాళ్ళకు అందడం లేదు. అప్పుడు బావ తన ఇంటి బకెట్టు ఒకటి పట్టుకుని గట్టు దాటి వచ్చాడు. పొడుగు మనిషి. నేరుగా పైవరస పట్టుకున్నాడు. అక్క ఒక చెంబు నీళ్ళు ఆయన పక్కన పెట్టి వచ్చింది, అంతే. మిగిలిన పురుగుపిల్లల మీద వేపగింజల కషాయం చేసి కొట్టించాం.

ఫొటోలు పంపే పిల్లలూ, ఇక్కడ పందిరి పచ్చగా విరగకాసిందని, మందు కొట్టిన బావ పందిరి ఎండిపోయిందని మీకు వినాలనిపిస్తుంది. అలా జరగలేదు. బావ పందిరి బాగానే కాసింది. అక్క పందిరికి కొసల నుంచి కొత్త చిగుర్లు వచ్చాయి, పూసింది, కాసింది, కానీ కాయ చిన్నది, మొదటి కోతలన్నీ పోయాయి. పందిరి నిలబడిందని అనవచ్చు, పడిపోయిందని కూడా అనవచ్చు. పెద్దమనుషుల ముందు అనుకున్న మాటకు ఏది లెక్కో ఎవరికీ తెలియదు.

ఆయ్ సారు దాన్ని మనసులో పెట్టుకుని చాలా బాధపడ్డారు. నేను పోయి మీ బావతో మాట్లాడనా అమ్మా అని అక్కను అడిగారు. "వద్దు సార్. పురుగు మాట మీరు చెప్పండి, వింటాను. మా ఇంటి మాట మీరు ఎత్తొద్దు" అంది. జీపులో తిరిగి వస్తూ దారి పొడుగునా ఆయన అద్దం తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. తన నోటి తొందర వల్ల ఒక ఆడమనిషి మడి పోతుందేమోనని ఆయనకు భయం. నాకూ అదే భయం, పైకి మాత్రం ఆయనకు ధైర్యం చెబుతూ వచ్చాను. ఆ తరవాత ఆయన ఏ ఊళ్ళో పురుగు గురించి చెప్పినా దాని పోలికలో ఉండే ఇంకోదాన్ని కూడా సీసాలో పెట్టి తెచ్చేవారు. గోదావరికి బదిలీ అయ్యేదాకా జీపు వెనక సీటు నిండా ఆ సీసాలే.

పాత పాదులు పీకేసి, కొత్త పంట వేసే కాలం వచ్చింది. మడి ఎవరు చేస్తారన్నది తేలకుండా ఊరకే పడి ఉంది. పొలంబడి మళ్ళీ మొదలుపెడదామని చెప్పే వంకతో మేమిద్దరం ఒక పొద్దున పోయాం. నిజానికి ఏం తేలిందో తెలుసుకుందామనే. అక్క ఖాళీ పందిరి కింద తీగలు బిగిస్తోంది. ఇంకా ఏమీ తేలలేదని మేము అడగకముందే చెప్పి, ఆమె మళ్ళీ తీగ లాగింది. మొగుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు.

అంతలో గట్టు మీద బావ కనబడ్డాడు. ముందుగా వేసిన తన బీర పాదులో నుంచి తెంపిన ఆకు ఒకటి అరచేతిలో జాగ్రత్తగా పట్టుకుని వస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు. మా దగ్గరికే వస్తాడనుకుని ఆయ్ సారు మెడలోని అద్దం సవరించుకుంటూ ఒక అడుగు ముందుకు వేశారు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. బావ మమ్మల్ని దాటి నేరుగా పందిరి కిందికి పోయాడు.

"అమ్మీ, ఇది ఉండల్నా, తీసెయ్యల్నా?" అన్నాడు.

అక్క చేతులు చీరకు తుడుచుకుని ఆకు అందుకుంది. వెలుగులోకి నడిచింది. ఆకు తిప్పింది, మళ్ళీ తిప్పింది. తొందరపడలేదు. ఆయ్ సారు నా పక్కన అద్దాన్ని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు. ఆ పెద్దమనిషి అంత కష్టపడి నోరు మూసుకోవడం నేను అప్పుడే చూశాను.

"ఉండనీ బావా" అంది అక్క. "ఇది మనదే."

బావ ఆకును మళ్ళీ అరచేతిలోకి తీసుకున్నాడు. ఎండ తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచాడు. గట్టు ఎక్కాక ఒక్క క్షణం నిలబడ్డాడు, ఇటు తిరగలేదు.

"రేపు బాయి నీళ్ళ వంతు నీకే అమ్మీ" అన్నాడు. "ఈ పొద్దే విత్తనం నానబెట్టుకో."